జవాబులు శనివారం మాత్రమే

నూకరత్నం అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే. సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర ఎవరో తనని ఇంగ్లీషులో ఒక ముక్క అడుగుతారు. తను నోరు తెరిచి నిలబడిపోతుంది. "ఈవిడ తల్లి అయ్యుండదులే" అనుకుని వాళ్ళు పిల్లని లోపలే ఉంచేసుకుంటారు.

"ఉంచేసుకుని ఏం చేసుకుంటారే?" అన్నాడు భర్త వీరబాబు, ఓ రోజు ఈ సంగతి చెప్తే. "పూటపూటా అన్నం పెట్టాలి. నీ కూతురు పప్పులో కరివేపాకు కనపడితే కంచం తోసేస్తుంది. చీకటి పడకముందే వాళ్ళే తెచ్చి దిగబెట్టి, దణ్ణం పెట్టి పోతారు."

వీరబాబు కోడిగుడ్ల వ్యాను నడుపుతాడు. ఫారంలో ఎక్కించుకున్న గుడ్లు ఊరూరా దింపుకుంటూ పోతాడు. లోకంలో మనిషి భయపడాల్సింది స్పీడు బ్రేకర్లకే తప్ప మరి దేనికీ కాదని అతని నమ్మకం. రత్నం సంగతి వేరు. తొమ్మిదో తరగతి సగంలో ఉండగా ఇంట్లో చెల్లెలు పుట్టింది, ఉయ్యాల ఊపడానికి మనిషి కావాల్సొచ్చింది, బడి ఆగిపోయింది. ఇంగ్లీషు పుస్తకంలో తను చదవకుండా వదిలేసిన ఆ చివరి పాఠాల్లోనే లోకానికంతటికీ తెలిసిన అసలు రహస్యమేదో ఉండిపోయిందని ఆవిడకి ఇప్పటికీ గట్టి అనుమానం. ఆ రహస్యం కూతురికైనా తెలియాలని, జెస్వితని తీసుకెళ్ళి వాగ్విలాస్ ఇంటర్నేషనల్ స్కూల్లో వేసింది.

వాగ్విలాస్ ఒకప్పుడు రైసుమిల్లు. ధాన్యం గోదాములే తరగతి గదులయ్యాయి. వడ్లు ఆరబెట్టే కళ్ళం ఆటస్థలమైంది. ఊక గది టీచర్లు భోంచేసే గదైంది. ఆ మిల్లు నూకలు ఒకసారి ఓడెక్కి ఎక్కడికో వెళ్ళాయి గనక 'ఇంటర్నేషనల్' అన్న మాట మరీ అబద్ధమేమీ కాదు. కరస్పాండెంటు బుల్లబ్బాయి గారు మిల్లు యజమానే. విద్య మీద ఆయన అభిప్రాయం చాలా స్పష్టంగా ఉండేది. "పైన వడ్లు పోస్తే కింద బియ్యం రావాలి. పైన పిల్లల్ని పోస్తే కింద ఇంగ్లీషు రావాలి. ఏళ్ళ తరబడి పోస్తన్నాం. ఊకే వస్తంది."

ఊక ఎందుకొస్తోందో కనిపెట్టడానికి హైదరాబాదు నుంచి ఒక లాంగ్వేజ్ ఆర్కిటెక్టుని పిలిపించారు. ఆయన పేరు నిశ్చల్. జేబుకి రెండు పెన్నులు, చేతిలో ఒక పలక లాంటి కంప్యూటరు. తల్లిదండ్రుల సమావేశంలో మైకు పుచ్చుకుని ఇలా సెలవిచ్చారు:

"గౌరవనీయులైన స్టేక్‌హోల్డర్స్! గత విద్యా సంవత్సరపు డేటాను విశ్లేషణాత్మకంగా పరిశీలించడమైనది. మన విద్యార్థి జవాబు చెప్పగలుగుతున్నాడు. ప్రశ్న అడగలేకపోతున్నాడు. జవాబు చెప్పడం బానిస లక్షణం. ప్రశ్న అడగడం లీడర్‌షిప్ లక్షణం. కావున సోమవారం నుంచి ఈ ప్రాంగణంలో ప్రతి లావాదేవీ ఇంగ్లీషు ప్రశ్నారూపంలోనే జరుపబడును."

"లావాదేవీ అంటే ఫీజు కూడానాండీ?" అని వెనక నుంచి ఎవరో ఆశగా అడిగారు.

"ఫీజు ఎప్పట్లాగే," అన్నారు బుల్లబ్బాయి గారు, చాలా తొందరగా.

మనుషుల గురించి అడిగే ప్రశ్నలు రెండు రకాలని నిశ్చల్ గారు వివరించారు. పని ఎవరు చేశారని అడిగేది కర్తృ ప్రశ్న. పని ఎవరి మీద జరిగిందని అడిగేది కర్మ ప్రశ్న. కర్మ అన్న మాట మాత్రం సభలో అందరికీ వెంటనే అర్థమైంది. సాయంత్రం పిల్లని తీసుకెళ్ళే తల్లి గేటు దగ్గర ఒక్కో రకానికి ఒక్కో ప్రశ్న ఇంగ్లీషులో అడగాలి. అడిగితేనే పిల్ల బయటికొస్తుంది. "అడగని యెడల విద్యార్థి సంస్థ సంరక్షణలోనే కొనసాగును," అని ముగించారు.

రత్నం చేతిలో ఉన్న సమోసా చేతిలోనే ఉండిపోయింది. ఎన్నాళ్ళుగానో తను ఒక్కతే భయపడుతున్న సంగతిని ఎవరో మైకులో చదివేసినట్టయింది.

తల్లులకి సాయంత్రం కళ్ళంలో క్లాసు పెట్టారు. చెప్పేది కెజియా మేడమ్. ఎలమంచిలి అవతల ఏదో పల్లె నుంచి వచ్చి, ఒక్కతే గది తీసుకుని ఉంటోంది. కాలేజీ వదిలి ఎన్నాళ్ళో కాలేదు. ఆవిడ సర్టిఫికెట్లు బుల్లబ్బాయి గారి బీరువాలో ఉంటాయి. టీచర్లు చేరిన రోజునే అవి పుచ్చుకుని తాళం వెయ్యడం అక్కడి ఆచారం. "మేడమ్‌లు గాలిపటాల్లాంటోళ్ళు. దారం మన సేతిలో ఉండాలి," అంటారాయన.

నిశ్చల్ గారిచ్చిన పుస్తకాన్ని కెజియా మూసి పక్కన పెట్టింది.

"అక్కా, నిన్న ఎవరింట్లోనైనా గొడవైందా?"

"ఎవరింట్లో అవ్వలేదో అడగండి మేడమ్‌గారూ," అందొకావిడ.

"సరే. పక్కింట్లో అత్తా కోడళ్ళున్నారు. కేకలు వినపడ్డాయి. మీరు గోడ ఇవతల ఉన్నారు. ఏమని అడుగుతారు?"

"అత్తని ఎవరు తిట్టేరు అంటాం."

"ఇంకోలా?"

"అత్త ఎవర్ని తిట్టింది అంటాం."

"రెండూ ఒకటేనా?"

"ఒకటెలాగవుద్దండీ!" మనవడి కోసం వచ్చిన ఓ ముసలావిడ లేచి నిలబడింది. "రెండోది రోజూ ఉండేదే. మొదటిదైతే ఊరంతా ఎళ్ళి సూసొచ్చే సంగతి!"

కళ్ళమంతా గొల్లుమంది. "అంతే పాఠం," అంది కెజియా. "హూ స్కోల్డెడ్ అత్త? అక్కడ మీకు తెలియనిది తిట్టిన మనిషి. ఆవిడ గట్టిది, ఎవరి సాయమూ అక్కర్లేదు. హూ డిడ్ అత్త స్కోల్డ్? ఇక్కడ మీకు తెలియనిది పడ్డ మనిషి. పాపం, పడ్డవాళ్ళకి ఆసరా కావాలి కదా. అందుకే 'డిడ్' వచ్చి పక్కన నిలబడుతుంది."

పడ్డవాళ్ళ పక్కన డిడ్. రత్నానికి అది అక్కడికక్కడే మనసులో నాటుకుపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఎవరో వచ్చి, తను వదిలేసిన పుస్తకం మధ్యలో నెమలీక పెట్టి చేతికిచ్చినట్టనిపించింది.

మర్నాడు పొద్దున్న వీరబాబు వ్యానులో గుడ్ల ట్రేలు సర్దుతుంటే వెనక చేరింది.

"హూ బ్రోక్ ది ఎగ్?"

"నేను కాదు," అన్నాడు వీరబాబు.

"గుడ్డు పగిలిందని ఎవరన్నారు మావా? ఊరికే అడుగుతున్నాను."

"ఊరికే ఎవరైనా ఇలా అడుగుతారా? మా ఓనరు అడిగినట్టే ఉంది."

"సరే. వాట్ డిడ్ వీరబాబు బ్రేక్?"

"సూశావా! ఇప్పుడు పేరు కూడా పెట్టేశావు."

అయినా ఎందుకో అనుమానమొచ్చి ట్రేలన్నీ దింపి చూశాడు. అడుగు ట్రేలో ఒకటి నిజంగానే చితికి ఉంది. వీరబాబు చాలాసేపు దానివంకా భార్యవంకా మార్చి మార్చి చూశాడు. "ఇంగిలీసుకి సత్తా ఉందే రత్నం," అన్నాడు.

సోమవారం సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ సత్తియ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మిల్లులో బస్తాలు మోసిన మనిషి. మిల్లు బడి అయినప్పుడు అతన్ని మాత్రం మార్చలేదు, ఉన్నచోటనే ఉంచి విజిల్ ఇచ్చారు. షుగరు జబ్బు. యూకేజీ వాళ్ళని అందరికన్నా ముందు వదిలి అతని పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చోబెడతారు. అమ్మలు వచ్చేదాకా వాళ్ళు అతని మీసాలు లాగుతూ ఉంటారు.

రత్నం పమిట కొంగు వేలికి చుట్టుకుంది. "హూ లవ్స్ జెస్విత?"

"మమ్మీ!" అంది జెస్విత బెంచీ ఎక్కి.

"హూ డజ్ జెస్విత లవ్?"

"సత్తియ్య తాత!"

తల్లి మొహం కొంచెం వాడింది గాని ప్రశ్న మాత్రం తప్పు లేదు. సత్తియ్య విజిల్ ఊది పిల్లని ఇచ్చేశాడు. "నువ్వూ నేనూ పాసైపోయేవమ్మాయ్," అన్నాడు. ఆ సాయంత్రం రత్నం గాల్లో నడిచి ఇల్లు చేరింది. అక్కడితో ఆగుంటే ఈ కథ కూడా అక్కడితో ఆగిపోయేది.

వారం తిరిగేసరికి నిశ్చల్ గారు ఒక లోపం కనిపెట్టారు. ప్రశ్న అడిగిన వెంటనే అవతలివాళ్ళు జవాబు చెప్పేస్తున్నారు. దాంతో సంభాషణ అక్కడికక్కడే చచ్చిపోతోంది. "జవాబు అనగా సంభాషణా హత్య," అన్నారు ప్రార్థనా సమయంలో మైకులో. "ఇకమీదట ప్రశ్నకు ప్రశ్నతోనే స్పందించవలెను. పెండింగ్ జవాబులన్నీ శనివారం నాడు జవాబుల కౌంటరు వద్ద పంపిణీ చేయబడును."

మంచినీళ్ళు కావాలని అడిగిన పిల్లవాడిని టీచరు "హూ వాంట్స్ వాటర్?" అని అడగాలి. వాడు "హూ హాజ్ వాటర్?" అనాలి. ఇది ఇద్దరిలో ఒకరికి దాహం తీరిపోయేదాకా సాగేది. ఒంటేలుకి పోతానన్న పిల్లల విషయంలో సంభాషణ అంతసేపు సాగేది కాదు. ఆ గదుల్లో ఆయమ్మ బక్కెట్టు, పాత గుడ్డలు పట్టుకుని తిరగడాన్ని నిశ్చల్ గారు 'ఎక్స్‌పీరియన్షియల్ లెర్నింగ్' కింద నమోదు చేశారు. సోమవారం పెన్సిలు పోగొట్టుకున్న పిల్లకి శనివారం కౌంటరులో, అది ఎవరు తీసుకున్నారో సవివరంగా తెలిపేవారు. అప్పటికి ఆ పెన్సిలు చెక్కుడుకి అరిగిపోయి ఉండేది.

ఫ్యాన్లు ఆగిపోయాయని కరెంటాఫీసు నుంచి లైన్‌మన్ వచ్చాడు. "మెయిను ఎక్కడుందండీ?" అని అడిగాడు. 'ఎక్కడ' అనేది మూడో టర్ము సిలబస్సులో ఉంది గనక ఆ ప్రశ్నకి ఎవరూ స్పందించలేకపోయారు. లైన్‌మన్ కాసేపు గోడలు చూసి, బీడీ కాల్చుకుని వెళ్ళిపోయాడు. ఫ్యాన్లు తిరగలేదు.

ఆ ఉక్కలోనే తనిఖీ అధికారి ఒకాయన వచ్చారు. "నీళ్ళ ట్యాంకు కడిగి ఎన్నాళ్ళైంది?" అని అడిగారు. మూడో తరగతి పిల్ల ఒకతి లేచి, "హూ వాషెస్ ది ట్యాంక్?" అంది. "హూ డిడ్ ది ట్యాంక్ హార్మ్, సర్?" అన్నారు నిశ్చల్ గారు వినయంగా. అధికారి నలుదిక్కులా చూశారు. నలుదిక్కుల నుంచీ పిల్లలు ఆయన్ని ప్రశ్నార్థకంగా చూస్తున్నారు. తన శాఖలో ఇన్నేళ్ళుగా ఎవరూ తనని తిరిగి ఏమీ అడగలేదని ఆయనకి గుర్తొచ్చినట్టుంది. 'విద్యార్థులలో ప్రశ్నించే తత్త్వం మెండుగా కలదు' అని రాసి, ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయారు. ఆ కాగితానికి ఫ్రేము కట్టించి గుమ్మంలో వేలాడదీశారు.

ఆ ఊపులో పథకం సిబ్బందికి కూడా వర్తింపజేశారు. బస్సు డ్రైవరు గాని, ఆయమ్మ గాని, వాచ్‌మన్ గాని తమ స్థానం వదిలి వెళ్ళాలంటే తగిన ఇంగ్లీషు ప్రశ్న అడిగి వదలాలి.

"మీరెలా అడుగుతున్నారు బాబాయ్?" అని రత్నం సత్తియ్యని ఆదుర్దాగా అడిగింది.

"నీ కూతురు నేర్పతందమ్మా, బెంచీ మీద కూకోబెట్టి. తప్పు సెప్తే సెవి మెలేస్తంది."

బుధవారం ఎండ మంటెత్తిపోతోంది. గ్యాసు బండ వచ్చి రత్నం బయలుదేరడం కాస్త ఆలస్యమైంది. గేటు దగ్గరికి వచ్చేసరికి బెంచీ మీద జెస్విత బ్యాగు ఉంది. జెస్విత లేదు. పక్కన కుర్చీ ఉంది. సత్తియ్య లేడు. గేటు బార్లా తీసి ఉంది.

రత్నం చెప్పులు ఎక్కడ విడిచిందో తెలీదు. ఆఫీసు గదిలోకి పరిగెత్తింది. బుల్లబ్బాయి గారూ నిశ్చల్ గారూ మజ్జిగ తాగుతున్నారు.

"అయ్యగారూ, నా పిల్ల ఎక్కడండీ?"

బుల్లబ్బాయి గారు నోరు తెరిచారు. నిశ్చల్ గారి వంక చూసి మూసేశారు.

"మేడమ్, 'ఎక్కడ' థర్డ్ టర్మ్‌లో వస్తుంది," అన్నారు నిశ్చల్ గారు నెమ్మదిగా. "ప్రస్తుతం 'ఎవరు', 'ఎవరిని' వరకే అనుమతి."

"పిల్ల కనపడట్లేదండీ! గేటు కాడ బ్యాగొక్కటే ఉంది!"

"అది స్టేట్‌మెంట్. స్టేట్‌మెంట్లు స్వీకరించబడవు."

ఇన్నాళ్ళూ ఏది జరుగుతుందని భయపడిందో అదే జరిగింది, కాకపోతే తను అనుకున్నట్టు నోరు మాత్రం పడిపోలేదు. "హూ టుక్ జెస్విత?" అని అరిచింది. ఆ అరుపుకి మజ్జిగ గ్లాసు ఒలికింది.

నిశ్చల్ గారు లేచి చప్పట్లు కొట్టారు. "వండర్‌ఫుల్! చూశారా సార్? నిజమైన అవసరం ఏర్పడినచో భాష దానంతటదే ఉద్భవించును! మేడమ్, మీ ప్రశ్న నమోదైనది. శనివారం ఉదయం కౌంటరు తెరవగానే రండి."

"శనివారం దాకా నా పిల్ల?"

"అది కూడా మంచి ప్రశ్నే," అన్నారాయన, పలక మీద ఏదో నొక్కుతూ.

ఈలోగా గేటు దగ్గర జనం పోగయ్యారు. హూ టుక్ జెస్విత, హూ టుక్ జెస్విత అని ఒకరినొకరు అడుక్కున్నారు. ఎంత అడుక్కున్నా అది ప్రశ్నగానే ఉండేసరికి, ఒక్కొక్కళ్ళూ ఒక్కో మనిషిని అందులో పెట్టి చూడటం మొదలెట్టారు. ఐస్‌ఫ్రూట్ బండివాడే అయ్యుంటాడన్నారు. బీడీ కాల్చుకుని వెళ్ళిన లైన్‌మన్ మీదకి మళ్ళారు. చివరికి ఎవరో సత్తియ్య ఖాళీ కుర్చీ చూపించారు.

"ఆడేనండీ! ఆడే ఎత్తుకుపోయుంటాడు!"

"సత్తియ్యా?" అన్నారు బుల్లబ్బాయి గారు గుమ్మంలోంచి. "సత్తియ్య బస్తాలెత్తాడు గాని, పిల్లలనెందుకెత్తుతాడయ్యా..." అని, తను జవాబు లాంటిదేదో చెప్తున్నట్టు తట్టి ఆగిపోయారు.

ఆ ఖాళీ కుర్చీ చూస్తుంటే రత్నానికి కూతురు మనసులో కదిలింది. సంతలో జెస్విత ఎప్పుడూ తన చెయ్యి పట్టుకుని నడవదు. అదే ముందుండి తల్లిని లాక్కుపోతుంది. దూడ కట్టు తెంచుకుంటే పలుపు పట్టుకుని దాన్ని కూడా ఇంటికి ఈడ్చుకొచ్చిన పిల్ల అది. దాన్ని ఎవరు తీసుకెళ్తారు? అదే ఎవర్నో తీసుకుపోయుంటుంది.

రత్నం వెనక వైపు పరిగెత్తింది. అక్కడ కెజియా మేడమ్ బస్సు పిల్లల్ని వరసలో నిలబెడుతోంది. ముందువైపు గొడవ అక్కడిదాకా రాలేదు. రత్నం ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"మేడమ్‌గారూ! హూ డిడ్ జెస్విత టేక్?"

కెజియా మొహం పాలిపోయింది. రత్నం వెనకే నిశ్చల్ గారు పలక పట్టుకుని వగరుస్తూ వచ్చారు. ఆయన వెనక బుల్లబ్బాయి గారు, బీరువా తాళాలు నడుముకి గలగల్లాడుతూ వచ్చారు. కెజియా ఆ తాళాల వంక ఒక్కసారి చూసింది. తర్వాత చక్కటి తెలుగులో, ఆదివారం బళ్ళో వాక్యం చెప్పినంత స్పష్టంగా చెప్పింది.

"సత్తియ్య తాతని తీసుకెళ్ళింది అక్కా. ఊక గదిలోకి. తాతకి కళ్ళు తిరుగుతున్నాయని నా క్లాసుకి వచ్చి చెప్పింది. నిశ్చల్ సార్ వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నారు. అందుకని నేను 'హూ ఈజ్ డిజ్జీ?' అన్నాను అక్కా. అలా అనే తిప్పి పంపేశాను. నా టిఫిను డబ్బా ఊక గదిలో ఉందని కళ్ళతో మాత్రం చూపించాను. పద, పద."

"కెజియా!" నిశ్చల్ గారు పలక ఎత్తి చూపించారు. "టుడే ఈజ్ వెడ్నెస్‌డే!"

ఆ మాట వినడానికి అక్కడ ఎవరూ ఆగలేదు.

ఊక గదిలో గోనెసంచుల దొంతరకి చేరగిలబడి సత్తియ్య కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. జెస్విత అతని ఒళ్ళో టిఫిను డబ్బా పెట్టి, చెంచాతో పెరుగన్నం నోటికి అందిస్తోంది.

"తాతా, హూ ఏట్ ది రైస్?"

"నేనేనమ్మా."

"వాట్ డిడ్ తాత ఈట్?"

"పెరుగన్నవమ్మా. సాల్తల్లీ."

"చాలదు. ఆ అను."

నిశ్చల్ గారు పెట్టిన నిబంధన ప్రకారం ఆ పెద్దాయన ముద్దకో నేరం చేస్తున్నాడు. రత్నం కూతుర్ని ఎత్తుకుని మొహమంతా తడిమింది. పిల్లకి విసుగేసింది. "మమ్మీ, తాత ఇంకా అయిపోలేదు, దించు," అని కాళ్ళు కొట్టుకుంది. రత్నం దించింది. సత్తియ్య పక్కన చతికిలబడింది. ఆవిడ నోట్లోంచి ఏ టర్ము సిలబస్సులోనూ లేని ప్రశ్న వచ్చింది.

"పొద్దున్నించీ తిన్లేదా బాబాయ్?"

"అన్నానికి ఎళ్తానని ఇంగిలీసులో అడగాలంట కదమ్మా," అన్నాడు సత్తియ్య. "పొద్దుట్నించీ బట్టీ పట్టేను. బాగానే వచ్చింది. ఆకలేసేసరికి మర్సిపోయేను."

బుల్లబ్బాయి గారు గుమ్మంలోనే నిలబడి, ఎదుట గోడకున్న పాత మిల్లు గడియారాన్ని చాలాసేపు చూశారు. అది ఆగిపోయి ఏళ్ళయింది.

ఇక్కడితో పథకం ఎత్తేస్తారని మీరనుకుంటే మీకు విద్యారంగం గురించి తెలియదన్నమాట. నిశ్చల్ గారు ఆ సంఘటనని ఒక విజయగాథగా తయారుచేశారు. అయిదేళ్ళ పాప గది గదికీ వెళ్ళి, గుమ్మం గుమ్మం దగ్గరా ప్రశ్న అడిగి, ఎక్కడా జవాబు రాకపోయినా అధైర్యపడకుండా ముందుకు సాగినది. ఇంతకన్నా రుజువేం కావాలి? అని ఏదో పెద్ద హోటల్లో తెర మీద బొమ్మలేసి చూపించారు. దానికో జ్ఞాపిక ఇచ్చారు. ఈ పథకం కావాలని ఇంకా చాలా బళ్ళు వరసలో ఉన్నాయట. 'ఎక్కడ' అనే ప్రశ్నని మాత్రం భద్రతా కారణాల రీత్యా మూడో టర్ము నుంచి కూడా తొలగించారు.

సత్తియ్యని వీరబాబు వ్యానులో ఎక్కించుకుని తీసుకెళ్ళి, ఫారంలో కోళ్ళకి కాపలా పెట్టించాడు. "కోళ్ళు అడగవు బాబాయ్. అరుస్తాయంతే," అని ధైర్యం చెప్పాడు. జెస్విత కాలవ అవతల సర్కారు బళ్ళో చేరింది. టీసీ కోసం రత్నం శనివారం కౌంటరు దగ్గర వరసలో నిలబడి, రెండు ప్రశ్నలూ తప్పు లేకుండా అడిగి మరీ తెచ్చుకుంది. ఇప్పుడు ఆవిడకి ఏ గేటూ భయం లేదు.

అయితే రాత్రిళ్ళు ఒక సంగతి నిద్ర పట్టనివ్వడం లేదు. కెజియా మేడమ్‌ని ఉద్యోగంలోంచి తియ్యలేదు. ఆవిడలో 'జవాబు చెప్పే ధోరణి' ఉన్నదని నిర్ధారించి, జవాబుల విభాగానికి అధికారిణిగా వేశారు. పాత బాయిలరు గదిలో బల్లేసి కూర్చోబెట్టి, మకాం కూడా అక్కడికే మార్పించారు. శనివారం దాకా ఆవిడని ఎవరూ ఏమీ అడగకూడదు. ఎవరూ అడగరు గనక ఆవిడ ఏమీ చెప్పదు. సర్టిఫికెట్లు ఇంకా ఆ బీరువాలోనే ఉన్నాయి. రత్నం ఉడకబెట్టిన గుడ్లు డబ్బాలో పెట్టి మొగుడి చేత పంపితే, కొత్త వాచ్‌మన్ ఎవరు పంపారు, ఎవరికి పంపారు అని మంచి ఇంగ్లీషులో అడిగి, శనివారం రమ్మని తిప్పి పంపేశాడు. పిల్ల అక్కడ చదవడం లేదు గనక రత్నాన్ని గేటు లోపలికి రానివ్వరు.

పిల్లని లోపలే ఉంచేసుకుంటారేమోనని ఆవిడ ఎప్పుడూ భయపడేది కదా. ఉంచేసుకున్నారు. కాకపోతే ఇంకో తల్లి పిల్లని.

అందుకని రత్నం తరఫున చదివేవాళ్ళకి ఒక మనవి. మీరెప్పుడైనా ఆ రోడ్డున వెళ్తే, పాత మిల్లు గొట్టం కనపడిన చోట ఒక్క నిమిషం ఆగండి. పక్క సందులోకి వెళ్తే బాయిలరు గదికి ఇనప ఊచల కిటికీ ఒకటుంది. అక్కడ వాచ్‌మన్ ఉండడు. పడ్డవాళ్ళ పక్కన ఎవరో ఒకరు వచ్చి నిలబడాలని మాకు చెప్పింది కెజియా మేడమే. కాసేపు అక్కడ నిలబడి, తెలుగులోనే, "మేడమ్‌గారూ, అన్నం తిన్నారా?" అని అడగండి. అడిగి వెంటనే వెళ్ళిపోకండి. ఏ వారమైనా సరే, ఆవిడ జవాబు చెప్పేదాకా ఉండండి.